ఉతకని కొంగు

మా పెద్దబిడ్డకు మశూచి టీకా వేయించిన ఏడు, మా ఇంట్లో కన్ను పోగొట్టుకోబోయింది బిడ్డ కాదు, నా భార్య. అందులో టీకా పాత్ర కొంత, నాది ఎక్కువ.

అరవైలు అప్పుడే మొదలయ్యాయి. పానగల్ దగ్గర చిన్న ఊరు మాది. వానకు పండే కొంత చెలక, కొన్ని గొర్రెలు ఉండేవి. టీకాలాయన వస్తే సగం ఊరు తలుపులు పెట్టుకున్నది. నా భార్య మాత్రం పిల్లను చంకనేసుకుని పోయి వేయించుకొచ్చింది. కొన్నాళ్లకు పిల్ల జబ్బ మీద పొక్కు లేచి చీము పట్టింది. మశూచి అంటే పోచమ్మ తల్లి ఒంటి మీదికి రావడమే, ఈ పొక్కు కూడా ఆ తల్లిదే అని మా నమ్మకం. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లు బట్టలు చాకలికి వేయరు, ఇంట్లోనూ ఉతకరు. ఇవన్నీ మా అమ్మ చూసుకునేది. ఆమె పోయాక ఆ పెద్దరికం నేను నెత్తికెత్తుకున్నాను.

పొక్కు కారినప్పుడల్లా నా భార్య కొంగుతోనే అద్దేది. ఒకనాడు పొద్దున్నే బిందె ముందర కూర్చుని కొంగు తడపబోయింది.

"ఏం చేస్తున్నవే?" అన్నాను.

"కొంగంత చీము. కంపు కొడ్తాంది. జర ఉతుక్కుంట."

"తల్లి పోయేదాంక నీళ్లల్ల పెట్టొద్దు. పిల్లకేమన్నయితే నీదే పాపం."

"గీ చీర నువ్వు కట్టుకో, తెలుస్తది," అన్నది. అన్నదే గానీ ఉతకలేదు. పిల్ల పేరు చెప్పి భయపెట్టాను కదా.

పొయ్యి పొగకు కళ్లు మండితే ఆమె తుడుచుకునేది ఆ కొంగుతోనే. మందలో ఒక గొర్రెకు పొక్కులు లేస్తే విడిగా కట్టేసేవాణ్ణి. ఆ తెలివి ఇంట్లో పనిచేయలేదు.

ఆమె కుడికన్ను వాచింది. రెప్పల మీద, పిల్ల జబ్బ మీద లేచినట్టే పొక్కులు లేచాయి. తల్లి ఆమె మీదికి కూడా వచ్చిందనీ, దవాఖానకు పోతే కోపం చేస్తదనీ చెప్పి, గుమ్మానికి వేపాకు కట్టి ఊరుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె మంచి కంటికి చెయ్యి అడ్డం పెట్టి, వాచిన రెప్పను వేలితో ఎత్తి చూసింది.

"దర్వాజ మసక మసక కనవడ్తాంది. నేను పోతున్న. వస్తే రా, లేకుంటే ఇంట్ల కూసో."

పిల్లను భుజాన వేసుకుని వెంట నడిచాను. నల్లగొండ దవాఖానలో డాక్టరు కన్ను చూసి, పిల్ల జబ్బ చూసి, చివరికి కొంగు చూశాడు.

"టీకా పుండు చీము కంట్ల వడ్డది. రెప్పల మీద ఉన్నదాంక భయం లేదు. నల్లగుడ్డు మీదికి పాకితే చూపు సంగతి చెప్పలేం."

"టీకా ఏపిచ్చుడే తప్పా సారూ?" అని ఆమె అడిగింది.

"తప్పు గాదమ్మా. పిల్లను కాపాడుకున్నవ్. గీ కొంగెందుకు ఉతకలే?"

ఆమె కొంగు ముడిచి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

"నేనే వద్దన్న సారూ," అన్నాను.

"అయితే నువ్వే ఉతుకు. ఉడుకు నీళ్లల్ల ఉడకవెట్టి ఉతుకు."

కంటికి మందు వేసి కట్టు కట్టాక, పక్క మంచం ఆమె ఇచ్చిన చీర కట్టుకుని నా భార్య దవాఖానలోనే పడుకుంది. నేను నల్లా దగ్గర చీర బాదుతుంటే నీళ్లు పట్టే ఆడవాళ్లు నవ్వారు. "ఓ బావా, మా చీరలు గూడ తెమ్మంటవా?" నేను తలెత్తలేదు. పిల్లకు ఏమవుతుందోనని ఆ పూటంతా గుబులే. ఏమీ కాలేదు. జబ్బ మీద పుండు ఎండి పెచ్చు కట్టింది.

కట్టు విప్పేనాడు డాక్టరు ఆమె మంచి కన్ను మూయించాడు. "ఏం కనవడ్తాంది?"

ఆమె చాలాసేపు చూసింది. నేను డాక్టరు వెనక నిలబడి ఉన్నాను.

"గడ్డం మాసిన మొగోడొకడు ఏడ్వవట్టిండు సారూ."

డాక్టరు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. "చూపు మంచిగనే ఉన్నది. ఇంటికి పోండ్రి."