కనెక్షన్ విమానం తప్పిన రోజు

మొన్న మా మేనకోడలు రాజమండ్రి ఎయిర్‌పోర్టుకు బయలుదేరబోతుంటే, హైదరాబాదులో తను ఎక్కాల్సిన విదేశీ విమానం ఆలస్యమని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ పిల్లేమీ కంగారు పడలేదు. కూర్చున్నచోటు నుంచే విమానం వాళ్లతో మాట్లాడి, వేరేదానికి మార్పించుకుని, కాఫీ తాగి మరీ బయలుదేరింది. తనను సాగనంపి లోపలికొచ్చాక, కొన్నేళ్ల కిందట నేను చేసిన ఒకే ఒక్క విదేశీ ప్రయాణం గుర్తొచ్చింది.

మాది భీమవరం. అమ్మ పోయాక నన్ను పెంచి, చదివించి, టీచరును చేసింది మా అక్కే. నర్సు ఉద్యోగానికి లండను వెళ్లి, పెళ్లి మాటెత్తకుండా అక్కడే ఉండిపోయింది. నేను రిటైరయ్యాక, ఒకసారి వచ్చి వెళ్లమని అక్క పట్టుబట్టి వీసా తీయించింది గానీ, ఇల్లు కదలడం నావల్ల కాలేదు. ఇంతలో ఆమెకు జబ్బు చేసి ముదిరిందని, అక్క వెళ్లే చర్చివాళ్లు కబురు చేశారు. ఫోనులో అక్క గొంతు సన్నగా వినిపించింది.

"ఏమే, కంగారు పడకే. నిదానంగా రా. నేనెక్కడికి పోతాను?" అంది.

హైదరాబాదులో మమ్మల్ని విమానం ఎక్కించి, ఏదో మరమ్మతని మళ్లీ దింపేశారు. చివరికి గల్ఫ్ చేరేసరికి, మేం మారాల్సిన లండను విమానం వెళ్లిపోయింది. కౌంటరు దగ్గర జనం అరుస్తుంటే, నేను ఒక కుర్చీలో కూర్చుని, నేల తుడిచే యంత్రం అటూ ఇటూ తిరగడం చూస్తూ ఉండిపోయాను. భయం కూడా వేయలేదు.

నా పక్క సీటులో వచ్చిన పెనుగొండ ఆవిడ, ఊళ్లో బట్టల కొట్టు నడుపుకునే మనిషి, వచ్చి నా భుజం తట్టింది.

"ఏంటండీ టీచరు గారూ, అలా కూర్చుండిపోయారు? హైదరాబాదు నుంచి లండను దాకా మనకిచ్చింది ఒకటే టికెట్టండి. ఇంకో విమానంలో పంపాల్సింది వాళ్లే. అందాకా భోజనం, రూము కూడా వాళ్లే చూడాలి. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. లేవండి."

నా చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా నడిపించి, తనకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగా వాదించి, మర్నాటి విమానంలో దొరికిన ఒక్క సీటూ నాకే ఇప్పించి, తను ఆ తర్వాతిదానికి ఆగింది.

ఆ సాయంత్రం హోటలు గదిలో మేమిద్దరం ఉండగా చర్చివాళ్ల ఫోను వచ్చింది. అక్క పోయిందన్నారు. "సరేనండి" అన్నాను. ఏడుపు రాలేదు. ముందున్న పళ్లెంలో అన్నమంతా తినేశాను గానీ, రుచేమిటో తెలియలేదు. పెనుగొండ ఆవిడ నా వెనకాల కూర్చుని, నా జడ విప్పి, చిక్కు తీసి, మళ్లీ వేసింది.

లండనులో అక్కను మట్టి చేసే వేళకు అందుకున్నాను. అక్క చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. భీమవరం తిరిగొచ్చాక విమానం వాళ్లు క్షమాపణ చెబుతూ, ఫిర్యాదు ఉంటే తెలపమన్నారు. అది నా హక్కేనని పెనుగొండ ఆవిడ ఫోను చేసి చెప్పింది కూడా. ఏమని అడగాలో నాకు తోచలేదు.

ఒకప్పుడు అక్క సెలవులకొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, భీమవరం స్టేషనులో రైలు ఇంకా రాలేదని తను విసుక్కుంటుంటే, ఇంకాసేపు నా పక్కన ఉంటుంది కదా అని నాకు లోలోపల సంతోషంగా ఉండేది. ఆలస్యం కావాలని కోరుకున్న రోజులవి. ఇప్పుడు ఏ రైలు, ఏ విమానం ఎప్పుడొస్తుందో ఫోనులో ముందే తెలిసిపోతోంది. నన్ను "ఏమే" అని పిలిచే మనిషి మాత్రం ఎవరూ లేరు.