ఒక దెబ్బకి ఆపు, రెండు దెబ్బలకి పోనీ

ఆమె నర్సింగ్ స్కూల్లో టీచరు. పిల్లలు చాటున పెట్టుకున్న పేరు రేడియో మేడం. పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్‌తో మొదలుపెడితే సాయంత్రం బస్సెక్కేదాకా ఆమె నోటికి విశ్రాంతి ఉండేది కాదు మరి. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. "పాడైపోయిన రేడియో అనలేదు, అదే పదివేలు" అని నవ్వేసింది.

ఇరవయ్యేళ్లు వార్డుల్లో నలిగిన మనిషి. సూది వెయ్యడం, కట్టు కట్టడం ఎవరైనా నేర్పుతారు. రోగి చెప్పేది మనకెలా అందాలి, మనం చెప్పేది రోగికెలా చేరాలి అన్నది మాత్రం ఎవరూ నేర్పడం లేదని ఆమె బాధ. ప్రిన్సిపాల్ చుట్టూ ఏడాదిపాటు తిరిగి తిరిగి, చివరికి వారానికి ఒక గంట సంపాదించింది. అదీ శనివారం, భోజనాలయ్యాక. పిల్లలు దానికి కునుకు క్లాసని పేరు పెట్టారు.

"మాట్లాడటం కూడా పాఠమేనా మేడం? పుట్టినప్పట్నుంచీ చేస్తున్నదేగా" అంది మొదటి రోజే ఒక గడుగ్గాయి.

"సరే, నోరు విప్పకుండా నీకు దాహంగా ఉందని పక్కపిల్లకి చెప్పు."

ఆ పిల్ల బొటనవేలు నోటి దగ్గర పెట్టి ఇట్టే చెప్పేసింది.

"ఇప్పుడు, దాహమే కానీ చల్లనీళ్లు వద్దు, గొంతు మండుతోందని చెప్పు."

చేతులు తిప్పింది, భుజాలు వణికించింది, మెడ పట్టుకుంది. పక్కపిల్ల ఎంతో ఆలోచించి, "గొలుసు పోయిందా?" అంది. క్లాసు గొల్లుమంది. ఆ తర్వాత ఆ గంటలో ఎవరికీ నిద్ర రాలేదు.

రెండో నెలలో ఆరుగురిని వెంటబెట్టుకుని ఆమె గొంతు ఆపరేషన్ల వార్డుకి వెళ్లింది. అక్కడ కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన. గొంతుకి గొట్టం వేశారు, మాట లేదు. కుడి చేతికి సెలైన్. ఎడమ చేత్తో రాయమంటే కోడిగీతలు. గొట్టంలో చేరిన కఫాన్ని మిషన్‌తో లాగబోతే నర్సుల చేతులు తోసేస్తాడు. ఎప్పుడు చూసినా ఉంగరంతో మంచం ఊచ మీద టకటకలాడిస్తాడు. కేసు షీటు మీద 'సహకరించడు' అని రాసి ఉంది.

"చాలా మొండివాడండీ" అంది వార్డు సిస్టర్, మిషన్ సిద్ధం చేస్తూ.

గొట్టంలోకి సన్నటి పైపు వెళ్లగానే ఆయన ఊచ మీద ఒక దెబ్బ కొట్టాడు. సిస్టర్ ఆగలేదు. మళ్లీ ఒకటి, గట్టిగా. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, సిస్టర్ చెయ్యి తోసేశాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక టకటకమని రెండు కొట్టాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ రెండు.

క్లాసులో పిలిస్తే తప్ప పలకని ఒక పిల్ల మేడం మోచెయ్యి పట్టుకుంది.

"మేడం, ఆయన విసుక్కోవడం లేదు. ఆపమంటున్నారు, తర్వాత కానివ్వమంటున్నారు."

"నీకెలా తెలుసమ్మా?"

"మా నాన్న బస్సు డ్రైవరు. సెలవుల్లో ఆ బస్సులోనే తిరిగేదాన్ని. కండక్టరు రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి."

మేడం రెండంగల్లో మంచం దగ్గరికెళ్లి వంగింది. "బాబాయ్ గారూ, మీరు కండక్టరుగా చేశారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఎర్రబడ్డ కళ్లు తళుక్కుమన్నాయి. ఊచ మీద రెండు దెబ్బలు.

"సిస్టర్, ఇంకొక్కసారి. ఈసారి బండి మీది, బెల్లు ఆయనది."

సిస్టర్ అనుమానంగానే పైపు అందుకుంది. రెండు దెబ్బలు, లోపలికి పెట్టింది. ఒక దెబ్బ, ఠక్కున తీసింది. ఆయన నాలుగు ఊపిర్లు పీల్చుకుని మళ్లీ రెండు కొట్టాడు. మూడు విడతల్లో గొట్టం శుభ్రమైపోయింది. ఆయన ఎవరి చెయ్యీ తోయలేదు. పిల్లలు వార్డని మరిచిపోయి చప్పట్లు కొట్టేశారు. సిస్టర్ జేబులోంచి పెన్ను తీసి, షీటు మీది 'సహకరించడు' అన్న ముక్కని అడ్డంగా కొట్టేసింది.

బయట వరండాలో రేడియో మేడం పిల్లల్ని ఆపింది.

"మాట లేకుండా చెప్పే దారులు సైగ, స్పర్శ, చూపు, రాత, చప్పుడు అని క్లాసులో బోర్డు మీద రాసిందాన్ని నేనే. ఆ చప్పుడు మీతోపాటు నేనూ విన్నాను. గోల అనుకున్నాను. నేనింకా నేర్చుకోవాలి, పదండి" అని గబగబా మెట్లు దిగింది.

ఆ సాయంత్రమే పిల్లలు ఏ దెబ్బకి ఏమర్థమో అట్ట మీద పెద్దక్షరాలతో రాసి ఆయన మంచానికి కట్టారు. మూడు దెబ్బలంటే నొప్పి అని పెడితే, ఆయన తలూపి ఒప్పుకున్నాడు. ఆగకుండా కొడితే పరుగెత్తి రావాలన్నది డ్రైవరు కూతురు కలిపింది. ప్రిన్సిపాల్ వచ్చి చూసి, శనివారం గంటని మంగళవారం పొద్దుటికి మార్చి, దానికి ఇంకో గంట చేర్చాడు.

పదోరోజున డాక్టరు ఆయనకి గొట్టం మీద వేలు అడ్డం పెట్టి మాట్లాడటం నేర్పించాడు. మేడం, పిల్లలు చుట్టూ మూగారు. ఆయన అందరిలో కళ్లతో వెతికి, డ్రైవరు కూతురి దగ్గర ఆగాడు. వేలు పెట్టాడు. గరగరమంటూ మాట బయటికొచ్చింది.

"మీ నాన్నది ఏ రూటమ్మా?"

ఆ పిల్ల చెప్పింది. ఆయన స్టాపుల పేర్లన్నీ వరసగా చదవడం మొదలుపెట్టాడు, మధ్యలో వదిలేసినవి ఆ పిల్ల అందించింది. మేడం స్టూలు లాక్కుని కూర్చుని వింటూ ఉండిపోయింది.