అవ్వ తెచ్చిన సీసా

చాలా ఏళ్ల కిందట, నిజాం సర్కారు బస్సులో దేవరకొండ నుంచి పట్నం పోతున్నాను. పక్కన కూర్చున్న అవ్వ ఒడిలో, బట్ట చుట్టిన ఒక చిన్న సీసా ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా దాని మీద అరచేయి పెట్టేది. నేను బడిపంతులునని తెలిశాక మెల్లగా మాట కలిపింది.

ఆమె కొడుకు ఏడాదిగా దగ్గుతున్నాడట. ఊరి వైద్యుడు అతని తెమడను నీళ్లలో వేసి చూసేవాడట. మునిగితే క్షయ, తేలితే ఉత్త వేడి.

"ఎప్పుడేసినా తేలుతనే ఉండె పంతులూ. పిలగాడు మాత్రం పుల్ల లెక్క అయిండు."

చివరికి ఆ వైద్యుణ్ని వదిలి పట్నం దవాఖానకు పోయింది. అక్కడ తెమడను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారని, అది అబద్ధం చెప్పదని ఎవరో చెప్పారట. వాళ్లు సీసా ఇచ్చి, పొద్దున లేవగానే తెమడ పట్టి తెమ్మన్నారు.

"మంచి పని చేసినవవ్వా," అన్నాను.

"పిలగానికి ఊసే సత్తువ లేదు. గందుకే నేనే ఊసిన. నా కడుపుల పుట్టినోడే గదా, ఇద్దరిది ఒక్కటే రక్తం."

బస్సు అప్పటికే సగం దారి దాటింది.

"నీది చూస్తే ఏం రోగం లేదనే చెప్తరవ్వా," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "ఏం రోగం లేదంటరా? నీ నోట్లె చక్కెర పొయ్య."

అది నీ సంగతి, పిలగాడిది కాదని మళ్లీ మళ్లీ చెప్పాను. ఆమె వినడం లేదు. సీసాను కళ్లకు అద్దుకుంటోంది.