ఆయమ్మ బొటనవేలు

మొన్న ఆదివారం మా మేనకోడలు సబ్బవరం నుంచి వచ్చింది. అక్కడ కొత్తగా లేచిన కాలనీల్లో అది అంగన్‌వాడీ టీచరు. భోజనం చేసి చెయ్యి కడుక్కోకముందే దాని ఫోను మోగింది, పైనుంచి మళ్ళీ ఏవో కొత్త సూచనలు వచ్చాయట. "నీకిష్టం కదత్తా, సదువుకో" అని నవ్వుతూ ఫోను నా చేతిలో పెట్టి అది వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కళ్ళజోడు సవరించుకుని వరసగా చదువుతూ కూర్చున్నాను. చంటిపిల్లలతో పాలు పట్టేటప్పుడు కూడా కబుర్లు చెప్పమని తల్లులకు నేర్పాలట, ఆటసామాన్లు కొననక్కర్లేదు, ఇంట్లోని గిన్నెలూ మూతలూ చాలునట, పిల్లల బరువు ప్రతి నెలా కొత్తగా తూచాలే తప్ప కంటితో చూసి అంచనాగా వెయ్యకూడదట. ఆ చివరి మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎంత మంచి సంగతులు ఇంత తేలిగ్గా ఇంటికి నడిచి వస్తున్నాయి కదా అని ఒకపక్క సంతోషిస్తూనే, దొంగలా ఫోను బోర్లించి పెట్టేశాను, ఎందుకంటే అలా అంచనాగా వేసిన టీచరుని నేనే. దానివల్ల ఒక బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఇన్నేళ్ళలో మా ఇంట్లో కూడా చెప్పుకోలేదు. మీరు నా ఈడువాళ్ళు, మీకు చెప్పుకుంటే పరవాలేదనిపిస్తోంది.

మా ఆయనకి స్టీలుప్లాంటులో పని దొరికిన కొత్తల్లో గాజువాక దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఆ రోజుల్లోనే నాకు హార్బరు వెనకాల జాలరిపేటలోని కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని, చేపంటే కూరలో ముక్కగా తప్ప ఎరగను. బస్సు దిగి పేటలోకి నడుస్తుంటే ఆరేసిన వలలూ, ఎండుచేపల వాసనా, గట్టిగా మాట్లాడే ఆడవాళ్ళూ, అంతా వేరే దేశంలా ఉండేది. అయినా నాకు బెదురు లేదు, ఎందుకంటే శిక్షణలో రాయించిన నోట్సు నా సంచిలో ఉండేది. ఏ వయసు బిడ్డకి ఎంత తిండి, ఏ నెలకి ఏ టీకా, ఏ పాట పాడితే ఏం నేర్చుకుంటారు, అన్నీ అందులో ఉన్నాయని, ఇక పేటవాళ్ళు నాకు చెప్పేదేం ఉంటుందని నా ధీమా. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికైనా ఉండే పొగరే నాకూ ఉండేది, కాస్త ఎక్కువే ఉండేదేమో.

ఆ కేంద్రంలో నాకు సహాయంగా ఉండే ఆయాని పేటంతా ఆయమ్మ అనేవారు. మా అమ్మ ఈడు మనిషి. భీమిలి పక్క పుట్టి, ఈ పేటకి కోడలిగా వచ్చి, మొగుడు పోయాక నెత్తిన చేపల తట్టతో ఊరంతా తిరిగి పిల్లల్ని పెంచుకుందట. మెడనరం పట్టేసి తట్ట మొయ్యలేక ఈ పనిలోకి వచ్చింది. పొయ్యి రాజేసి ఉప్మా వండడం, ఏడ్చేవాళ్ళని చంకనేసుకోవడం, ఇసకలో నడిచొచ్చిన పిల్లల్ని గుమ్మం దగ్గర నిలబెట్టి కాళ్ళు కడిగి లోపలికి పంపడం ఆవిడ పనులు. అక్షరం ముక్క రాదు కాబట్టి ఆవిడ చెప్పేది నేను సగమే వినేదాన్ని, ఆ సగం కూడా మర్యాద కోసం.

ఇక కాటా సంగతి. మన తరంలో ఈ పని చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గడియారంలా గుండ్రటి ముఖం, కింద కొక్కెం, ఆ కొక్కేనికి నిక్కరు ఆకారంలో ఒక గుడ్డ సంచి. దూలానికి దాన్ని వేలాడదీసి, సంచిలో బిడ్డని దించి, ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకెని ఎదుగుదల పటంలో చుక్కగా పెట్టాలి. చుక్క ఆకుపచ్చలో పడితే బిడ్డ క్షేమం, పసుపులో పడితే జాగ్రత్త, అంతకంటే కిందికి దిగితే ఆసుపత్రి. మొదటిరోజు నేను ఎంతో ముచ్చటగా కాటా కట్టి తల్లుల్ని పిలిస్తే, వాళ్ళు ఆ కొక్కేన్ని చూడగానే పిల్లల్ని గుండెలకి హత్తుకుని వెనక్కి వెళ్ళిపోయారు. "ఏటి టీచరమ్మా, సేపని కట్టినట్టు బిడ్డని కొక్కేనికి కడతావేటి?" అని ఒకావిడ నా మొహానే అడిగేసింది. ఆ పేటలో కొక్కేనికెక్కి తూకమైన చేప ఇంకెప్పుడూ ఇంటికి రాదు, అది ఎవరి చేతుల్లోకో వెళ్ళిపోవలసిందే. బిడ్డని తూస్తే బిడ్డా అలాగే దక్కకుండా పోతుందని వాళ్ళ భయం. నాకప్పుడు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది, అర్థం చేసుకుందామన్న బుద్ధి మాత్రం రాలేదు.

ఇంతలో సూపర్‌వైజరమ్మ వచ్చే రోజు దగ్గరపడింది. పటాలన్నీ ఖాళీగా ఉన్నాయి. మా ఇంట్లో వంకాయల బుట్ట ఎత్తి బరువు ఇంతని చెప్పేదాన్ని కదా, ఈ పిల్లలెంత అనుకుని, ఒక్క మధ్యాహ్నం కూర్చుని అందరికీ చుక్కలు పెట్టేశాను. ఎవర్ని ఆకుపచ్చలో పెట్టాలో ఎవర్ని పసుపులో పెట్టాలో నా కంటికి తోచినట్టు పెట్టాను. అందరికంటే ఎత్తుగా, ఆకుపచ్చ మధ్యలో, ఒక ఏడాదిన్నర పాపకి పెట్టాను. పడవ మీద పనికెళ్ళే ఒకాయన రెండో కూతురు. బూరెబుగ్గలు, బొద్దు కాళ్ళు, కూర్చోబెట్టిన చోటు నుంచి కదలదు, ఏడవదు, అల్లరి లేదు. జుట్టు కొంచెం ఎర్రగా పలచబడుతుంటే ఉప్పుగాలికి అనుకున్నాను. ఎంత బుద్ధిమంతురాలో అని రోజూ ఎత్తుకుని ముద్దుపెట్టుకునేదాన్ని. సూపర్‌వైజరమ్మ కూడా ఆ పటం చూసి మెచ్చుకుంది. ఆ మెప్పుకి నేను ఉబ్బిపోయానని చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పొద్దున్న, గుమ్మం దగ్గర ఆ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కాళ్ళు కడుగుతున్న ఆయమ్మ చెయ్యి ఆగింది. కుడిచేతి బొటనవేలితో పాదం పైభాగాన మెల్లగా అదిమి, కాసేపుంచి తీసింది. రెండో పాదం మీద కూడా అలాగే అదిమి తీసింది. తర్వాత నన్ను పిలిచింది. ఆ రెండు చిన్న పాదాల మీదా బొటనవేలంత గుంటలు రెండు అలాగే నిలిచిపోయి ఉన్నాయి. "టీచరమ్మా, ఇది ఒల్లు కాదు, నీరు" అంది. నేను పటం తెచ్చి చూపించి, చుక్క ఆకుపచ్చలో ఉందనీ, భయపడనక్కర్లేదనీ చెప్పబోయాను. ఆవిడ ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "నీ కాయితం ఏటి సెప్తాదో నాకు తెల్దు గానీ, నొక్కితే లెగని సేపని నాను తట్టలో ఎట్టను" అంది.

చేపలు కొనేటప్పుడు మీరూ చూసే ఉంటారు, తెలిసినవాళ్ళు మొప్ప ఎత్తి చూస్తారు, వేలితో కండని నొక్కి చూస్తారు. తాజా చేప అయితే నొక్కినచోటు వెంటనే పైకి లేస్తుంది, పాడైనదైతే గుంట పడి ఉండిపోతుంది. ఎన్నో ఏళ్ళు రేవులో చేపల మీద ఆనిన ఆ వేలు, ఆ పొద్దున్న బిడ్డ పాదం మీద ఆనింది. నా చేతిలోని ఆ చుక్క నేను తూచి పెట్టింది కాదు కదా, నా కల్పన కదా. ఆవిడకి ఆ మాట చెప్పకుండా పటం మడిచేశాను, కళ్ళనీళ్ళు మాత్రం వచ్చేశాయి. ఆయమ్మకి అర్థమైందో లేదో తెలియదు, బిడ్డని చంకనేసుకుని పద అంది.

ముందు పాప ఇంటికి వెళ్ళాం. తల్లి మళ్ళీ నెల తప్పి ఉంది. పాలు మాన్పించేసి గంజినీళ్ళూ, టీలో ముంచిన బిస్కెట్లూ పెడుతోంది. బిడ్డ బొద్దుగా ఉందని పేటంతా అంటుంటే మురిసిపోతున్న తల్లికి ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే కోపం రాదూ? "మా ఆడగుంట బొద్దుగుందని కుల్లుకుంతన్నారేటి?" అని మా మీద లేచింది. నేను నోట్సులో నేర్చుకున్నదంతా గడగడా చెప్పాను. ఒక్క ముక్క ఆవిడ చెవికెక్కలేదు. అప్పుడు ఆయమ్మ ఏమీ వాదించకుండా ఆ తల్లి చెయ్యి పట్టుకుని, ఆవిడ బొటనవేలినే బిడ్డ పాదం మీద ఆనించి, "నువ్వే నొక్కి సూడే, సేపలమ్మేదాని కడుపున పుట్నావు కాదేటి" అంది. ఆ తల్లి నొక్కింది, వేలు తీసి చూసింది. పొయ్యి మీది ఎసరు దించి, పైట బిగించి, బిడ్డని ఎత్తుకుని మాకంటే ముందే గుమ్మం దాటింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నవయసుది. పాపని పడుకోబెట్టి, మరో పరీక్ష ఏదీ చెయ్యకముందే, రెండు పాదాల మీదా బొటనవేళ్ళు ఆనించి, పెదాలు కదలకుండా మూడు లెక్కపెట్టి తీసింది. అచ్చం ఆయమ్మలాగే. ఒంట్లో బలమిచ్చే తిండి లేక పట్టిన నీరు అనీ, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే తమ చేతుల్లో ఉండేది కాదనీ చెప్పి, ఎవరు కనిపెట్టారని అడిగింది. గోడవార నిలబడ్డ ఆయమ్మని చూపించాను. డాక్టరమ్మ తన కుర్చీలోంచి లేచి ఆవిడని కూర్చోమంది. ఆ క్షణంలో నాకు కలిగినదాన్ని ఆశ్చర్యం అంటే చాలదు. అన్నేళ్ళు పుస్తకాలు చదివిన చెయ్యీ, అన్నేళ్ళు తట్ట మోసిన చెయ్యీ ఒకే చోటికి వచ్చి ఆగడం నేను కళ్ళారా చూశాను.

వైద్యం మొదలయ్యాక పాప బరువు పెరగలేదు, తగ్గింది. నీరంతా దిగిపోయి, బుగ్గలు పీక్కుపోయి, ఎముకలు తేలిన పిల్ల బయటపడింది. తల్లి గోలపెట్టి ఏడ్చింది. మేం రోజూ ముద్దాడింది ఈ పిల్లని కాదనీ, దీని మీద కప్పుకున్న నీటిననీ తెలిసి నేనూ ఏడ్చాను. తర్వాత పాలూ గుడ్డూ పప్పూ ఒంటబట్టి, కొద్దికొద్దిగా కండ పట్టి, ఒకరోజు మంచం దిగి అల్లరి చేసి నర్సమ్మ చేత తిట్లు తింది. ఆ తిట్లు నాకు ఎంత తియ్యగా వినిపించాయో చెప్పలేను.

నేను వెళ్ళి సూపర్‌వైజరమ్మ దగ్గర నిజం ఒప్పుకున్నాను. ఆవిడ పెద్దగా కేకలెయ్యలేదు, పటాలన్నీ చింపించి కొత్తవి ఇచ్చి, ఈసారి తూచి రాయమంది. మరి తల్లుల భయం పోయేదెలాగ? దానికీ ఆయమ్మే దారి చూపించింది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళల్లో బిడ్డని ఇంకొకరికిచ్చి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునే అలవాటు మన పక్క ఉన్నదే కదా, లేకపోతే ఇంతమంది తవిటమ్మలూ తవిటినాయుళ్ళూ ఎక్కడినుంచి వచ్చారు. ఆయమ్మ ఒక చేటలో తవుడు పోసి కాటా పక్కన పెట్టింది. బిడ్డని తూచడం కాగానే ముందు తాను అందుకునేది, తల్లి ఒక గుప్పెడు తవుడు తన కొంగులో పోస్తే "ఇదిగో, మల్లీ నీకే అమ్మేత్తన్నాను" అని బిడ్డని ఇచ్చేసేది. నెల తిరిగేసరికి తల్లులే వరసలో నిలబడ్డారు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ తవుడేమిటని అడిగితే, కోళ్ళకని చెప్పేదాన్ని.

ఆ ఏడే ఒక మీటింగులో సూపర్‌వైజరమ్మ ఆయమ్మని ముందుకి పిలిచింది. ఆవిడ తట్టలో రెండు చేపలు తెచ్చుకుంది, ఒకటి ఆ పొద్దుటిది, ఒకటి ముందురోజుది. వచ్చిన టీచర్లందరి చేతా వాటిని నొక్కించింది. కొంతమంది ముక్కు మూసుకుని నొక్కారు, అయినా ఆ తేడా ఒకసారి వేలికి తెలిశాక మరిచిపోవడం ఎవరి తరం? అంతకంటే మంచి పాఠం నేను నా ఉద్యోగంలో మరొకటి వినలేదు. నేను ఆవిడని తర్వాత అడిగాను, అంతమంది పిల్లల్లో ఆ పొద్దున్న ఆ పాపనే ఎందుకు నొక్కి చూడబుద్ధయిందని. "ఎత్తితే బరువు ఒకేకాడ నిలబళ్ళేదమ్మా, బిందెలో నీల్లలాగ కదిలిపోతంది" అంది. అదే బిడ్డని నేనూ రోజూ ఎత్తుకున్నాను. నాకు ముద్దొచ్చింది, అంతే.

ఇవాళ మా మేనకోడలి కేంద్రంలో నేల మీద పెట్టే కాటా ఉంది, అంకె దానంతటదే వెలుగుతుంది, ఫోను ఆ అంకెని వెంటనే ఎక్కడికో పంపించేస్తుంది. తల్లులు చదువుకున్నవాళ్ళు, తవుడు అక్కర్లేదు, నాలాంటివాళ్ళు మధ్యాహ్నం కూర్చుని చుక్కలు పెట్టడానికి వీల్లేదు. ఇదంతా మేలే, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా రిజిస్టర్లన్నీ ఎప్పుడో చెదలు తిని పోయాయట. వాటిల్లో ఎన్ని రాశానో నేను! ఎవరు ఎన్ని గుడ్లు తిన్నారు, ఎవరు ఏ పాట నేర్చారు, చివరికి లేని బరువులు కూడా రాశాను. ఆయమ్మ గురించి మాత్రం, ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ, "చదువు రాదు" అని ఒకచోటా, "హాజరు" అని రోజూ, అంతకుమించి ఒక్క మాట రాయలేదు. సంతకం రాదు కదా, నెలాఖరున ఆ కుడిచేతి బొటనవేలిని నేనే పట్టుకుని, సిరాలో అద్ది, సంతకం గడిలో నొక్కించి, చెయ్యి తుడుచుకొమ్మని గుడ్డపీలిక ఇచ్చేదాన్ని.