రేపటాయన సేవ్ చేయని పని

మా మిల్లు ఆఫీసులో కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్‌ల బాధ్యత రేపటాయనది. ఏ మార్పు చేసినా "రేపు సేవ్ చేద్దాం" అంటాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. ముఖం మీదే అలా పిలిచినా నవ్వి ఊరుకునేవాడు. అంత మెతక మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆయన పద్ధతిలో అర్థం లేకపోలేదు. మనం మార్చిన సెట్టింగులు వెంటనే పనిచేస్తాయి గాని, సేవ్ చేసేదాకా అవి నీటిమీది రాతలే. కరెంటు పోయి వస్తే స్విచ్ తనలో దాచుకున్న పాత సెట్టింగులనే చదువుకుని లేస్తుంది. అందుకే ఆయన కొత్తవాటిని ఒక రోజు నడిపించి చూసేవాడు. ఎక్కడైనా బెడిసికొడితే ప్లగ్గు ఒకసారి పీకి పెడితే చాలు, అంతా మొదటికి వచ్చేది.

ఆయన కింద పనిచేసేది సొంత బావమరిది. భార్య పోరితే ఆయనే ఉద్యోగం ఇప్పించాడు, ఇంట్లో గది ఇచ్చాడు, పని నేర్పాడు. ఈ ఏడు యజమాని ఖర్చు తగ్గించమన్నాడు. ఇద్దరిలో ఒకరినే ఉంచుతామనీ, కొత్త భవనంలో నెట్‌వర్కు యజమాని వచ్చి చూశాక ఎవరన్నది తేలుస్తామనీ మేనేజరు చెప్పేశాడు. రేపటాయనకి దిగులే లేదు. ఆ పనంతా ఆయన ఒంటిచేత్తో చేసిందే మరి.

యజమాని వచ్చే రోజు పొద్దున అన్నీ సవ్యంగానే నడుస్తున్నాయి.

"సాయంత్రం దాకా చూసి సేవ్ చేద్దాం. నువ్విక్కడే ఉండు, ప్లగ్గు జోలికి ఎవర్నీ రానీకు," అని బావమరిదికి అప్పగించి, ఆయన యజమానికి ఎదురెళ్ళాడు. దొంగ చేతికే తాళాలిచ్చాడు. వాళ్ళు మెట్లెక్కేసరికి భవనం మొత్తంలో ఫోన్లూ కంప్యూటర్లూ మూగబోయాయి.

"ఏమైంది?" అన్నాడు యజమాని.

"ప్లగ్గు ఊడిందండి. బావ సేవ్ చేయలేదు, కొత్త సెట్టింగులన్నీ చెరిగిపోయాయి," అన్నాడు బావమరిది ఏడుపుముఖం పెట్టి. "నా దగ్గర కాపీ ఉంది. ఎక్కించమంటారా?"

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఎక్కించాడు. సేవ్ కూడా చేశాడు. ఫోన్లు మళ్ళీ మోగాయి. రేపటాయన తెర వంక చూశాడు. ప్రతి వరసా తను రాసిందే. ముందురోజే కాపీ తీసిపెట్టుకున్నాడు ఆ తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు.

"అది నేను చేసిన పనేనండి," అన్నాడు రేపటాయన.

"మరి సేవ్ చేయడానికి ఏం రోగం?" అన్నాడు మేనేజరు. యజమాని బావమరిది భుజం తట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా రేపటాయన్ని ఇంటికి పంపేశారు.

ఆయన మర్చిపోయిన సంచి ఇవ్వడానికి సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నేను గుమ్మంలో ఉన్నా ఆయనకి పట్టలేదు.

"మీ తమ్ముడే పీకాడే. కావాలనే పీకాడు," అంటున్నాడు భార్యతో.

"తెలుసు," అంది ఆవిడ బట్టలు మడతపెడుతూ. "నాతో చెప్పే పీకాడు. మీకింక నాలుగేళ్ళ సర్వీసు, వాడికింకా ముప్ఫై ఏళ్ళుంది. ఇంట్లోకి ఒక్క జీతమే వచ్చేటట్టయితే ఎవరిది రావాలో మీరే చెప్పండి."

నాకు ఆ గడప తొక్కినందుకే అసహ్యం వేసింది.

ఇంతలో లోపలి గదిలోంచి బావమరిది వచ్చాడు. "బావా, మిగతా స్విచ్‌ల పాస్‌వర్డులు చెప్పు. పొద్దున్నే కావాలి."

"అడుగుతున్నాడు కదా, చెప్పండి," అంది ఆవిడ.

ఆయన చెప్పాడు. బావమరిది ఒకచోట తడబడితే, పని నేర్పిన రోజుల్లోలాగే ఓపిగ్గా, అక్షరం అక్షరం విడమరిచి మళ్ళీ చెప్పాడు.