షేకు గడ్డిచేలో ఎల్లమాస

ఆ రోజుల్లో జహీరాబాద్ నుంచి విమానం ఎక్కిన ప్రతివాడూ దుబాయికే పోయినట్టు లెక్క. వాడు దిగింది ఏ దేశమైనా సరే, బస్టాండులో చాయ్ తాగే పెద్దమనుషులు దాన్ని దుబాయి అనే అనేవారు. నేనున్నది వేరే దేశమని మొదటి సెలవులో ఓపిగ్గా చెప్పి చూశాను. "అదే లేవోయ్, దుబాయిలనే జర అవతలికి" అని నన్నే సముదాయించారు. అక్కడ పన్నెండు నెలలూ ఎండేననీ, జనం ఖర్జూరాలు తిని బతుకుతారనీ కూడా వాళ్లే నాకు బోధించారు. (వాళ్లలో నారాయణఖేడ్ దాటినవాడు ఒక్కడూ లేడు.) నిజానికి పుష్యమాసం వచ్చేసరికి ఆ ఎడారి చలికి నేను తీసుకుపోయిన దుప్పటి ఏ మూలకూ చాలేది కాదు. ఇక తిండి అంటారా, కంపెనీ మెస్సులో వంటవాడు ఒకే పులుసును పొద్దున ఒక పేరుతో, రాత్రి ఇంకో పేరుతో పోసేవాడు. పేరు మారిన పూట కాస్త నీళ్లెక్కువ ఉండేవి, అంతే తేడా.

రేకుల గదిలో మేం ముగ్గురం ఉండేవాళ్లం. కాకది ఝరాసంగం. వానలు ముఖం చాటేస్తే చేను భార్యకు అప్పగించి తాపీపనికి వచ్చిన రైతు. మామూది కోహీర్. నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. ఏ దేశపు పండు నోట్లో పెట్టుకున్నా "మా కోహీర్ జామ ముందల ఇదేం పండు?" అని పక్కకు ఉమ్మేసేవాడు. మూడోవాణ్ణి నేను, కూలీల హాజరు వేసే గుమస్తాను. డిగ్రీ పాసయ్యానన్న పొగరు తప్ప నా పెట్టెలో చెప్పుకోదగ్గ సామాను లేదు.

ఆ చలికాలంలో ఒకనాడు కాక ఉన్నట్టుండి అన్నం ముట్టనన్నాడు. సంగతేమిటని అడిగితే ఎల్లమాస వస్తోందట. మా జహీరాబాద్ వైపు పుష్యమాసం ముందొచ్చే ఆ అమావాస్యకు ఇంట్లో పొయ్యి వెలిగించి వండినదంతా చేనుకే మోస్తారు. ఐదు రాళ్లకు సున్నం పూసి, పాండవులని నిలబెట్టి పూజ చేసి, తిండిలో మొదటి ముద్ద చేనుకే పెడతారు. రైతు చేను చుట్టూ కేకలేస్తూ ఆ తిండినే పొలిగా చల్లితే గానీ మనుషులు పచ్చి గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జికూర ముట్టరు. కాక వచ్చిన మొదటి ఏడాది ఈ ముచ్చట జరగలేదు. ఆ యేడే జొన్నకు పురుగు పట్టిందని ఊరి నుంచి కబురొచ్చింది.

"నేను లేను, పొలి చల్లలే. అందుకే జొన్న ఖరాబైంది. ఈ యేడు గూడ చల్లకుంటే చేను నన్ను మర్సే పోతది" అన్నాడు కాక. పురుగు కంటే చేను మర్చిపోతుందన్న భయమే అతన్ని ఎక్కువ తింటోందని అప్పుడు నాకు తట్టలేదు.

"చేనేమో ఝరాసంగంల ఉండె, నువ్వేమో ఈడ ఉంటివి. ఈడ చల్లితే ఆడికెట్ల పోతది కాకా?" అని నా తెలివి నేను చూపించాను.

మామూ నన్ను కసిరాడు. "చుప్ బైఠో! నేను కోహీర్ల నిలవడి మక్కా దిక్కు తిరిగి నమాజ్ చేస్తే అల్లాకు అందలేదా? కాక ఈడ నిలవడి ఝరాసంగం దిక్కు చల్లుతడు. ఫికర్ జేయకు కాకా, చేను నేను దేవులాడుత."

నా డిగ్రీని పక్కన పెట్టి కావలసిన సరుకుల జాబితా రాశాను. ఎల్లమాస శుక్రవారం పడటంతో సెలవు కూడా కలిసొచ్చింది. కాక తన పెట్టె అడుగు నుంచి జొన్నపిండి తీశాడు. (విమానాశ్రయంలో అధికారి మోచేతిదాకా చెయ్యి ముంచి వెతికిన పిండి అది.) భజ్జికి పచ్చి శనగలేవీ? అనుములేవీ? డబ్బాలో వచ్చే బఠాణీలు, నానబెట్టిన శనగలు, బజారులో దొరికిన మెంతికూర, మెస్సు నుంచి మామూ 'అడగకుండా అడిగి తెచ్చిన' చింతపండు కలిపి ఉడికించాం. రంగు చూస్తే ట్యాంకర్ అడుగు కడిగినట్టుంది. వాసన మాత్రం సరిగ్గా మా ఊరిదే. ముగ్గురం గిన్నె మీదికి వంగి ఆ ఆవిరి పీల్చాం.

మామూ దేవులాడి పట్టుకున్న చేను ఒక ముసలి షేకుది. ఊరికి దూరంగా, మేకల కోసం పెంచుతున్న గడ్డి. వారం వారం నీళ్లు పోసేది మామూయే కాబట్టి అది సగం తనదే అన్నట్టు ట్యాంకర్ ఆపాడు. కాక గట్టు దగ్గరే చెప్పులు విడిచి, వంగి ఆ మట్టిని కళ్లకద్దుకున్నాడు. రాళ్లు తెచ్చే పని నాది. ఇసుకలో ఎక్కడా దొరక్క, మేం కట్టే బిల్డింగు దగ్గర సిమెంటు పెచ్చులు ఏరుకొచ్చాను. "పాండవులు సిమెంటోళ్లార్రా? నీ సదువు గంగల గలవ!" అని తిడుతూనే కాక వాటికి సున్నం పూశాడు.

పొద్దు పొడిచిన దిక్కు చూపించి అదే ఝరాసంగం అన్నాను. కాక చేతిలో గంప, వెనకాల నీళ్ల చెంబుతో నేను. "ఓలిగో... ఓలిగో!" అని అతను కేక పెట్టి గడ్డిలోకి దూకాడు. రెండేళ్లుగా గొంతులో దాచుకున్న కేక అది, గట్టు అవతల కట్టేసిన మేకలన్నీ తాళ్లు తెంపుకుని పారిపోయాయి. మేకల వెనకే షేకు వచ్చాడు. అతనికి కనిపించింది ఏమిటి? తన చేలో సున్నం పూసిన పెచ్చులు, తిండి విసురుతూ అరుస్తున్న ఒక మనిషి, వాడి వెనక నీళ్లు చిలకరిస్తూ ఇంకొకడు. చేతబడి అనుకోక ఏమనుకుంటాడు! కర్ర ఎత్తాడు. ఆ దేశంలో చేతబడి అంటే జైలే. నా చేతిలో చెంబు నాకు తెలియకుండానే ఖాళీ అయిపోయింది.

మామూకు వచ్చిన అరబ్బీ నీళ్లు, డీజిల్, టైరు పంక్చరు అనే మాటలు దాటి ఎన్నడూ పోలేదు. ఆ మాటలతోనే ఏం చెప్పాడో గానీ కర్ర దిగలేదు. చివరికి రొట్టె తుంచి, భజ్జి అద్దుకుని తను తిని చూపించి, ఇంకో ముక్క షేకుకు ఇచ్చాడు. ముసలాయన వాసన చూశాడు, నమిలాడు, కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. మామూ గడ్డిని చూపించి, చెయ్యి మోకాలి దాకా, నడుం దాకా లేపాడు. షేకు ముఖం విప్పారింది. మళ్లీ కర్ర అందుకుని, పసుపెక్కిన ఓ మూలను కాకకు చూపించాడు. అక్కడ చల్లలేదు కదా, అక్కడా చల్లమని!

గది చేరాక, "పొలి అంత వాని గడ్డికే పోయిందిర" అన్నాడు కాక. కొన్నాళ్లకు మామూ ఆ గడ్డి దుబ్బుగా లేచిందని చెప్పడంతో అనుమానం కాస్తా రూఢి అయింది. షేకు సంతోషించి మేకపాలు పంపించాడు. కాక ఆ పాలు ముట్టలేదు. పగవాడి సొత్తులా నా వైపు తోసేశాడు. నేను శుభ్రంగా తాగాను.

మరుసటి ఎల్లమాసకు ముగ్గురం సెలవు మీద మా మా ఊళ్లలోనే ఉన్నాం. ఝరాసంగంలో కాక చేనుకు వెళ్లి చూద్దుము గదా, జొన్న మనిషిని ముంచేంత ఎత్తుంది. భజ్జి గంప దించుతున్న వాళ్లావిడతో, "రెండేండ్లు పొలి లేకున్నా చేను నిలవడ్డది సూడు" అన్నాడు కాక.

"లేకేంది? నేను చల్లిన. నువ్వు లేవని చేనును ఉపాసం పండవెడ్తనా?"

"మరి ఆ యేడు పురుగెందుకు తిన్నది?"

"పురుగుకు ఆకలైంది, తిన్నది" అంది ఆవిడ.

అంత మంచి పంటను చూసి అంత దిగులుపడ్డ రైతును నేనెక్కడా చూడలేదు. "మొఖం గట్ల పెట్టినవేంది? వచ్చినవు గద, పట్టు" అని ఆవిడ గంప చేతిలో పెట్టింది. కాక జొన్నలోకి నడిచాడు గానీ కేక సగంలోనే తెగిపోయింది. మిగతా సగం ఆవిడే వేసింది. నేనూ మామూ గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ తర్వాత నాకు పెళ్లయి పిల్లలు పుట్టినా, నేను ఇంకా చాలా ఏళ్లు ఆ దేశంలోనే ఉన్నాను. నేను లేకుండా ఇంట్లో వాళ్లు ఎలా బతుకుతున్నారో అని పులుసు ముందు కూర్చుని జాలిపడేవాణ్ణి. ఒకసారి చెప్పకుండా ఊడిపడి వాళ్లను ఆనందంలో ముంచుదామని వచ్చాను. మా ఆవిడా పిల్లలూ కంచాల ముందు కూర్చుని ఏదో మాటకు విరగబడి నవ్వుతున్నారు. గుమ్మంలో నన్ను చూసి మా ఆవిడ ఉలిక్కిపడింది. "అయ్యో, చెప్పొద్దా? నీకు అన్నం పెట్టలే" అంటూ పొయ్యి వైపు పరుగెత్తింది. బియ్యం ఉడికేదాకా పెట్టె మీద కూర్చుని, నాకు నేనే కాకలా కనిపించి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.