మస్తాన్‌బీ గారి ఎర్ర గచ్చు

పోయిన వారం మావారి మెడనొప్పికని బెంజ్ సర్కిల్ దగ్గర రెండో అంతస్తులో ఉన్న ఒక క్లినిక్కుకి వెళ్లాం. మందులు లేకుండా వెన్నెముక సరిచేస్తామని అద్దాల తలుపు మీద రాసి ఉంది. కింద హారన్ల మోత, లోపల ఏసీ చల్లదనం. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి మావారిని ఎత్తుబల్ల మీద బోర్లా పడుకోబెట్టి, "రిలాక్స్ అవ్వండి అంకుల్" అంటూ ఒక సీసా మూత తీసింది. వావిలాకు వాసన. నూనెలో కాగిన వావిలాకు, కొంచెం చేదుగా, కొంచెం ఘాటుగా. ఆ వాసన నేను మొదటిసారి పీల్చింది వన్ టౌన్‌లో, ఉల్లిపాయల గోడౌన్ల వెనక సందులో, మస్తాన్‌బీ గారింట్లో. ఇంటికి రాగానే అటక మీద ట్రంకుపెట్టె దింపించి ఆవిడ దగ్గరికి వెళ్లిన ఏటి డైరీ వెతికి తీశాను. కొన్ని పేజీలకు నూనె మరకలు ఇంకా ఉన్నాయి.

నేను రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేరిన రోజుల్లో కౌంటర్లలో కంప్యూటర్లు లేవు. చిన్న అట్టముక్కల్లాంటి టిక్కెట్లు ఎడమవైపు చెక్కబీరువా గూళ్లలో ఉండేవి. నడుము తిప్పి టిక్కెట్టు లాగడం, మళ్లీ కుడివైపుకి తిరిగి తేదీ గుద్దే యంత్రంలో దాన్ని తోయడం. రోజుకు కొన్ని వందలసార్లు అదే పని. పదేళ్లు అలా తిరిగాక, ఒకరోజు పొద్దున ఎడమవైపుకి తిరిగిన నడుము తిరిగిన చోటే ఆగిపోయింది. వెనక నిలబడ్డ సూపర్‌వైజరు గారు నేను టిక్కెట్టు వెతుకుతున్నాననుకున్నారు. మందులు వాడాను, సెలవు పెట్టాను. పడుకుంటే తగ్గేది, కౌంటరెక్కితే మళ్లీ మొదలయ్యేది. మూడు నెలలు చూసి, మా ఆఫీసులో పక్క కౌంటరు ఆవిడ మస్తాన్‌బీ గారి పేరు చెప్పింది. "ఆడవాళ్లకి మాత్రమే చూస్తారండీ. చెయ్యి మంచిది. నోరే కొంచెం..." అని నవ్వింది.

మస్తాన్‌బీ గారికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, మగవాళ్ల మణికట్టు లాంటి మణికట్టు. ఆవిడ మామగారు కుస్తీలు నేర్పిన ఉస్తాదు. పట్టులో కీళ్లు తప్పిన పహిల్వాన్లకు ఆయనే సరిచేసి కట్లు కట్టేవాడు. ఆడవాళ్లను తాకడం బాగుండదని ఆ విద్య కోడలికి నేర్పాడు. నేను వెళ్లేసరికి గుమ్మంలో బేసిన్ నిండా నీళ్లున్నాయి. "కాళ్లు ముంచి, ఆ గోడ దాకా నడిచి రామ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "నొప్పి నడుములోనండీ, కాళ్లలో కాదు" అన్నాను.

"నడుమేమన్నా గాల్లో ఉందా? కాళ్ల మీదేగా నుంచుంది. నడువు."

ఎర్ర గచ్చు మీద నా తడి అడుగులు నల్లగా పడ్డాయి. ఆవిడ వంగి, ఆరిపోయేలోగా ఒక్కొక్కటే చూశారు. ఎడమ అడుగు నిండుగా ఉంది. కుడిది మడమ సరిగ్గా ఆనక, వేళ్ల దగ్గర మాత్రమే అచ్చయింది. "ఏం పని చేస్తావు?" అని అడిగారు. టిక్కెట్లు ఇస్తానన్నాను. "ఎడమ పక్కనించి తీస్తావా?" అవునన్నాను. "కుర్చీ జరపకుండా నడుం తిప్పితే అది మాత్రం ఎన్నాళ్లు తిరుగుద్ది?" అంటూ పొయ్యి మీద నుంచి వావిలాకు మూట తీశారు. ముందు కాపడం, తర్వాత నూనె, చివర్న అరచెయ్యి, మోకాలు. టక్కుమని ఎక్కడో లోపల ఒక చప్పుడు. పన్నెండుసార్లు వెళ్లాను. ఆఫీసులో పోట్లాడి బీరువాకి ఎదురుగా కుర్చీ వేయించుకున్నాను. నొప్పి పోయింది. సగం వైద్యం ఆ కుర్చీదేనని ఆవిడే అనేవారు.

నొప్పి పోయినా నేను మానలేదు. డ్యూటీ లేని ఆదివారాలు అక్కడికి వెళ్లి, ఆకులు కాచిపెడుతూ కూర్చునేదాన్ని. ఏది చూసినా రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఆవిడ ఎవరికి ఎక్కడ నొక్కారు, ఎంతసేపు, బొటనవేలితోనా అరచేతితోనా, మోకాలు ఎప్పుడు పెట్టారు, అన్నీ వరుస అంకెలు వేసి డైరీలో రాశాను. "ఏంటి టికెట్లమ్మా, నా చేతులకి టైంటేబుల్ రాస్తన్నావా?" అనేవారు. ఆవిడకి తెలుగు చదవడం రాదు. అప్పుడప్పుడూ కొందరిని అసలు ముట్టుకోకుండా పంపించేసేవారు. జ్వరంతో వచ్చినావిడని, నెల తప్పినావిడని, ఎక్కడా పడకుండానే నడుం పట్టేసిందన్న ముసలావిడని. ఒకసారి గుడివాడ నుంచి బస్సు దిగి వచ్చిన ఒకావిడకి కోపం వచ్చింది. "ఇంత దూరం వస్తే ఆసుపత్రికి పొమ్మంటావేంటి? చేతకాకపోతే చెప్పు!"

"చేతకాదమ్మా. అదేగా చెప్తన్నా" అన్నారు మస్తాన్‌బీ గారు, బేసిన్లో నీళ్లు మారుస్తూ.

అలాంటి ఆదివారాలు నా డైరీలో ఒక్క ముక్కే ఉండేది: ఈరోజు విశేషాలు లేవు.

ఆ వేసవిలోనే మా అత్తగారికి నడుం పట్టేసింది. ఆవిడ కూచిపూడికి రెండు మైళ్లలో ఉన్న మా ఊళ్లో ఉండేవారు. ఆవకాయ జాడీ దింపుతుంటే కలుక్కుమందట. నేను సెలవు పెట్టి వెళ్లాను. పట్నం వచ్చి చూపించుకోండి అంటే, "ఈ మాత్రం దానికి బస్సెక్కాలా?" అన్నారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేను చూస్తాలెండి అత్తయ్యా, నాకు వచ్చు." డైరీ పక్కన తెరిచి పెట్టుకున్నాను. ఒకటి, కాపడం. రెండు, నూనె. మూడు, అరచెయ్యి. ఆరో అంకె దగ్గర మోకాలు పెట్టాను. టక్కుమంది. అచ్చం అక్కడ విన్న చప్పుడే అనుకుని సంతోషించాను. అత్తయ్య ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, "ఏదో ఊడినట్టుందే" అన్నారు.

తెల్లారేసరికి ఆవిడ పక్కకి ఒత్తిగిలలేకపోయారు. ఎడమ పాదంలో తిమ్మిరి. మావారు ఉద్యోగం పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. పక్కింటావిడని కూర్చోబెట్టి, మొదటి బస్సెక్కి విజయవాడ వచ్చి, మస్తాన్‌బీ గారి గుమ్మంలో నిలబడ్డాను. జరిగింది మొత్తం విని ఆవిడ అరవలేదు. పీట మీద కూర్చుని, "ఆ పుస్తకం తెచ్చావా? చదువు" అన్నారు. చదివాను. ఆరు అంకెలూ చదివాను.

"అంతేనా? అడుగులేవి? మీ అత్తని నడిపించావా?"

"లేదండీ."

"ఎట్టా మొదలైందని అడిగావా? కాల్లో తిమ్మిరుందా, ముందు అడిగావా?"

"లేదండీ."

"నేను పంపించేసినోళ్లున్నారా అందులో?"

"లేరండీ."

"మరి ఏం రాశావమ్మా ఇన్నాళ్లూ?" అన్నారు నెమ్మదిగా. తర్వాత లేచి బురఖా వేసుకున్నారు. "వ్యాను మాట్లాడు. నేనొస్తా."

ఊళ్లో మా ఇంట్లో ఆవిడ అత్తయ్యని ఎక్కడా నొక్కలేదు. పడుకున్న దుప్పటితో పాటే నలుగురి చేత లేపించి, కదలకుండా వెడల్పాటి బల్ల మీదకి చేర్చి, చీరలతో కట్టించారు. విజయవాడ దాకా వ్యాను నేల మీద కూర్చుని, గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అత్తయ్య నడుం పక్కకి దొర్లకుండా పట్టుకున్నారు. "నీ చేతులు వెచ్చగా ఉన్నయ్యమ్మా" అని అత్తయ్య ఒకసారి అన్నారు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. వెన్నుపూస ఒకటి నలిగింది. కబురందుకుని మావారు, మా ఆడపడుచు సరోజిని అప్పటికే అక్కడికి వచ్చేశారు. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఈవిడ నడుం ఎవరన్నా నొక్కారా?" అని అడిగారు. ఆయన కళ్లు మస్తాన్‌బీ గారి మీద ఆగాయి. బురఖా అంచు దగ్గర నూనె మరక ఉంది. "నువ్వేనా? మీ నాటువైద్యాలతో మనుషుల్ని మంచాన పడేస్తున్నారు" అన్నారు. ఆవిడ నా వైపు ఒకసారి చూశారు. నాకు మాట రాలేదని రాయాలని ఉంది, కానీ అది నిజం కాదు. మాట నాలిక మీదే ఉంది. పక్కన ఆడపడుచు ఉంది, మావారున్నారు. నేను నేల వైపు చూశాను. "ముందు ఆవిడ సంగతి చూడండి సార్" అని మస్తాన్‌బీ గారు బయటికి వెళ్లిపోయారు.

వారం రోజులు అలాగే గడిచాయి. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకీ సరోజిని, "ఎవరో సాయిబులావిడంట, అమ్మ నడుం విరగ్గొట్టింది" అని చెప్పేది. ఆ మాట మా ఆఫీసుకీ చేరింది. పక్క కౌంటరు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఇంక అటు వెళ్లనులెండి" అంది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అత్తయ్య మంచం పక్కన కూర్చుని, ఇదంతా నా వల్లేనని, అందరికీ చెప్పేస్తానని అన్నాను.

"మోకాలు నీదని నాకు తెలీదుటే?" అన్నారు ఆవిడ. "నా వీపుకి ఆ మాత్రం గుర్తు లేదా? ఊరుకో. ఇంటి కోడలి మీద మాట పడనిస్తానా? ఆవిడదేముంది, నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు."

అత్తయ్య నా మీద అంత ప్రేమ చూపించింది అదే మొదటిసారి. ఆ ప్రేమ చాటున నిలబడి బతుకంతా గడిపేయవచ్చు. నా తప్పు తెలిసిన ఇద్దరూ నన్ను కాపాడుతూనే ఉన్నారు. పోతున్నది మాత్రం వన్ టౌన్ సందులో ఆవిడ పేరు. మర్నాడు పొద్దున డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు, మావారు, సరోజిని వింటుండగా చెప్పాను. "నొక్కింది నేనండీ. ఆవిడ ముట్టుకోలేదు."

డాక్టరు గారు కాగితాల్లోంచి తలెత్తారు. "మరి బల్ల మీద కట్టి తీసుకొచ్చిందెవరు?"

"ఆవిడేనండీ."

"కూర్చోబెట్టి తెచ్చుంటే కాలు పడిపోయే ప్రమాదం ఉండేది" అన్నారు. కాగితాలు మూసి, "నేనన్న మాటకి ఏమీ అనుకోవద్దని ఆవిడకి చెప్పండి. మీరు మాత్రం ఇంకెప్పుడూ ఇలాంటి పని చెయ్యకండి" అని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లారు. సరోజిని నాతో ఏడాది మాట్లాడలేదు. మావారు, "మొదటి రోజే చెప్పాల్సింది" అన్నారు, అంతే. అత్తయ్య మూడో నెలలో బెల్టు పెట్టుకుని లేచి నడిచారు. కొద్దిగా వంగి నడిచేవారు. ఆ పూస జాడీ దింపినప్పుడే నలిగిందో, నా మోకాలి కిందే నలిగిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. నాకు ఇప్పటికీ తెలియదు.

మస్తాన్‌బీ గారి దగ్గరికి వెళ్లి, అందరికీ చెప్పేశానని చెప్పాను. డాక్టరు గారన్న మాట కూడా చెప్పాను. "చెప్పావా? మంచిపని" అన్నారు. "ఆకులు మాడుతున్నయ్, చూడు." ఆఫీసులో కూడా ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఆడవాళ్లు మళ్లీ అటు వెళ్లడం మొదలుపెట్టారు, అందరూ కాదు. నేను ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. ఈసారి ఆవిడ ఎవరిని, ఎందుకు ముట్టుకోలేదో రాశాను. ఆ డైరీలు మొదటివాటి కంటే లావుగా ఉన్నాయి.

నేను రిటైరయ్యే ముందటి సంవత్సరం ఆవిడ నడుమే పట్టేసింది. అప్పటికి పేషెంట్లను చూడటం మానేశారు. మణికట్లు సన్నబడ్డాయి. చూడటానికి వెళ్తే, చాప మీద బోర్లా పడుకుని, "నొక్కు" అన్నారు.

"నా వల్ల కాదండీ. మీ కోడలు గారున్నారుగా."

వంటింట్లోంచి కోడలు నవ్వింది. "నన్ను రానివ్వట్లేదాంటీ."

"దాని చేతిలో బలం ఉంది, భయం లేదు" అన్నారు మస్తాన్‌బీ గారు, మొహం చాపకేసి ఉంచే. "నీ చేతిలో భయం ఉంది. నాకది కావాలి."

జ్వరం ఉందా అని అడిగాను. పడ్డారా, ఎప్పుడు మొదలైంది, కాళ్లలో తిమ్మిరుందా, దగ్గితే నొప్పి ఎక్కువవుతోందా అని అడిగాను. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫొటో తీయించారా అని కూడా అడిగాను. ఆవిడ బడిపిల్లలాగా అన్నిటికీ జవాబు చెప్పారు. ఆ ఫొటో తెప్పించి, డాక్టరు రాసిన కాగితం చదివాకే చేతులు రుద్దుకుని వెచ్చబరచుకున్నాను. అయినా చెయ్యి ఆవిడ వీపుకి బెత్తెడు పైన ఆగిపోయింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఎంతసేపటికో ఆనించాను. వదులైన చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటే తెలిశాయి. బలం పెట్టలేదు, మోకాలు పెట్టలేదు, ఏ చప్పుడూ కాలేదు. "కొంచెం కిందకి... ఆ, అక్కడే ఉంచు" అన్నారు. ఉంచాను. కాసేపటికి ఆవిడ ఊపిరి నెమ్మదించి, నిద్రపోయారు. లేచేదాకా చెయ్యి తియ్యలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరి ఒంటి మీద చెయ్యి వెయ్యాల్సి వచ్చినా, జ్వరం చూడటానికైనా, నడుం నొప్పంటే నూనె రాయడానికైనా, నా చెయ్యి ముందు గాల్లో ఒక క్షణం ఆగుతుంది. వయసు మీద పడిందనుకుంటారు చూసేవాళ్లు. అనుకోనీ. ఆ క్షణంలో నేను అడగవలసినవి అడుగుతాను. కొన్నిసార్లు జవాబు విని చెయ్యి వెనక్కి తీసుకుంటాను.